ఎముకల చర్చికి హనీమూన్

పోయిన వారం మనం పరశురాం గారిని ఆర్ట్స్ కాలేజీ వరండాలో, చేతిలో ఫోను, ముఖంలో వెలుగుతో నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆ వెలుగుకి కారణం చిన్నది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆధునిక యూరప్ చరిత్ర పాఠం చెప్పిన మనిషాయన. ఇన్నేళ్లలో పరీక్షకి ఏ ప్రశ్నలొస్తాయని అడిగినవాళ్లే తప్ప, ఆ యూరప్ గురించి ఇంకో మాట అడిగిన విద్యార్థి పుట్టలేదు. అలాంటిది కాబోయే అల్లుడు జశ్వంత్ తనంతట తానే ఫోన్ చేసి, "అంకుల్, పెళ్లయ్యాక నేనూ రజినీ ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ అటువైపు వెళ్దామనుకుంటున్నామండీ. ఏమేం చూడాలో మీరు చెప్తే బాగుంటుంది" అన్నాడు.

మర్యాదకి అన్నాడు పాపం. మర్యాదకి అన్న మాటని మనసులోకి తీసుకునేవాళ్లు లోకంలో కొందరుంటారు. పరశురాం గారిది ఆ క్లాసులో మొదటి బెంచీ.

ఆదివారం వియ్యంకులు తార్నాకకి భోజనానికి వస్తున్నారనగా, శనివారమే ఆయన డిపార్ట్‌మెంట్ స్టోర్ రూము తీయించి, గోడకి వేలాడదీసే పాత యూరప్ మ్యాపుని బయటికి లాగారు. దుమ్ము దులిపితే చెకోస్లొవేకియా కనబడింది. యుగోస్లావియా కనబడింది. జర్మనీలు రెండు కనబడ్డాయి. "దేశాలు పోతే పోయినయ్, ఊర్లు ఆడ్నే ఉంటయ్ గద" అని తనకు తానే సర్దిచెప్పుకుని, చుట్టచుట్టి ఆటో ఎక్కారు. మ్యాపు ఆటోలో పట్టలేదు. రెండు కొసలూ రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చాయి. ఎన్.సి.సి. గేటు మలుపులో పక్కనపోయే బైకాయన హెల్మెట్‌కి ఐస్‌లాండ్ వైపు కొస ఠప్పున తగిలింది. ఆయన తిట్టిన తిట్టు పరశురాం గారికి వినబడలేదు. ఆ సమయానికి ఆయన మనసు డాన్యూబ్ నది దాటుతోంది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో, బట్టల దండెం కట్టే మేకుకి యూరప్ వేలాడుతోంది. దాని ముందు సోఫాలో పేరయ్య, అరుంధతి కూర్చున్నారు. భీమవరం వైపు నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడిన కుటుంబం. పేరయ్య కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యాడు. నెమ్మదస్తుడు. అరుంధతి నెమ్మది కాదు. ఇద్దరూ నిరుడు ప్యాకేజీ టూరులో యూరప్ అంతా బస్సు మీద చుట్టొచ్చారు. చుట్టొచ్చినట్టు హబ్సిగూడలో తెలియనివాళ్లు లేరు.

వాళ్ల పక్కన కుర్చీల్లో జశ్వంత్, రజిని. రజిని క్యాంపస్‌లో మైక్రోబయాలజీ రీసెర్చ్ చేస్తోంది. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే ఆ రీసెర్చ్ ఎలా సాగుతోందో వేరే అడగక్కర్లేదు. లాలాగూడ రైల్వే ఆఫీసులో పనిచేసి ఈమధ్యే రిటైరైన బాలలక్ష్మి, పరశురాం గారి భార్య, వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడిందంటే ఏదో అవసరం పడిందని అర్థం. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, పరశురాం గారికి తప్ప.

"ఫస్టు వియన్నా" అని స్కేలుతో మ్యాపు మీద కొట్టారు పరశురాం గారు. కొంచెం దుమ్ము లేచింది. "ఆడ దిగంగనే ఎక్కడికీ పోవద్దు. సీదా కపూచిన్ సన్యాసుల చర్చికి పోవాలె. కింద నేలమాళిగ ఉంటది. చక్రవర్తులు, మహారాణులు అందరి శవపేటికలు గాడ్నే. వంద మందికి పైనే."

"శవపేటికలాండీ?" అన్నాడు జశ్వంత్.

"ఔ. గమ్మత్తేందంటే, దాంట్ల ఉండేది ఒట్టి శరీరమే. గుండెకాయ తీసి వెండి గిన్నెల పెట్టి ఇంకో చర్చిల దాస్తుండె. పేగులు మూడో చర్చిల. మూడూ చూస్తేనే చక్రవర్తిని పూర్తిగ చూసినట్టు."

బాలలక్ష్మి అప్పుడే తెచ్చి బల్లమీద పెట్టిన కోడి లివర్ వేపుడు వైపు అరుంధతి ఒకసారి చూసి, ప్లేటు మెల్లగా భర్త వైపు జరిపింది. పేరయ్య ఏమీ పట్టనట్టు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"తర్వాత ప్రాగ్. ప్రాగ్ అందరు చూస్తరు. మీరు దాని పక్కకున్న కుట్నా హోరా పోవాలె. ఆడ ఒక చర్చి ఉన్నది. లోపల అలంకారమంత మనుషుల ఎముకలతోనే. పుర్రెల తోరణాలు. నడుమ ఒక షాండ్లియర్. మనిషి ఒంట్ల ఎన్ని రకాల ఎముకలున్నయో అన్నీ దాంట్ల ఉన్నయంటరు. జీవితంల ఒక్కసారన్న, భార్యాభర్తలు చెయ్యి చెయ్యి పట్టుకొని చూడాలె జశ్వంత్."

"అన్నయ్యగారూ" అంది అరుంధతి, ఇక ఆగలేక. "పిల్లలు వెళ్తోంది హనీమూన్‌కండీ. అస్థికలు కలపడానికి కాదు."

రజిని నవ్వాపుకోడానికి నీళ్లు తాగింది. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి.

"చరిత్ర గిట్లనే ఉంటది వదినగారూ" అన్నారు పరశురాం గారు, తొణక్కుండా.

"చరిత్ర తర్వాత చూసుకోవచ్చు. ముందు నే చెప్పేది వినండర్రా" అని అరుంధతి చీర కొంగు సర్దుకుని పిల్లల వైపు తిరిగింది. "ప్రాగ్‌లో పెద్ద గడియారం ఉంటుంది. గంట కొట్టగానే కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరసగా తిరుగుతాయి. ఎంత బాగుంటుందో! మేం చూశాం. అంటే, మీ నాన్న చూశారు. నేను బాత్‌రూమ్ లైన్లో ఉన్నాను. అక్కడ బాత్‌రూమ్‌కి కూడా డబ్బులే, చిల్లర దగ్గరుంచుకోండి. వియన్నాలో ఏదో పెద్ద ప్యాలెస్. గేటు దగ్గర ఫొటో దిగాం. లోపలికెళ్తే బస్సు వెళ్లిపోతుందన్నారు. ఆస్ట్రియాలో క్రిస్టల్ పూసలు బాగుంటాయి. రజినికి నాలుగు రకాలు కొను జశ్వంత్, నాకు రెండు."

"బుడాపెస్ట్ సంగతి చెప్పు" అందించాడు పేరయ్య.

"ఆ, అక్కడ వేడినీళ్ల కొలనులుంటాయి. జనం పీకల్లోతు నీళ్లలో కూర్చుని చదరంగం ఆడుకుంటూ ఉంటారు. మీ నాన్నని మాత్రం నీళ్లలోకి రానివ్వలేదు."

"ఏం, ఎందుకని?" అన్నారు పరశురాం గారు.

"లుంగీతో వెళ్లారు."

"స్నానానికి లుంగీ కాకపోతే ఏం కట్టుకుంటారు బావగారూ?" అని న్యాయం అడిగాడు పేరయ్య. "అదలా ఉంచండి. వియన్నాలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. రసం! గుజరాతీవాళ్ల హోటలు. కాస్త తీపనుకోండి. కానీ ఆ చలిలో, ఆ వేడి వేడి రసం..."

పరశురాం గారి ముఖం నల్లబడింది. ఆరొందల ఏళ్ల సామ్రాజ్యం ఒక గ్లాసు రసంలో మునిగిపోవడం ఆయన కళ్లారా చూశారు. స్కేలు బల్ల మీద పెట్టారు.

"బావగారూ, ఏమనుకోవద్దు. చూసుడంటే బస్సు దిగి ఫొటో దిగి మల్ల బస్సెక్కుడు కాదు. మీరు పోయిండ్రు, వచ్చిండ్రు. గానీ మీకు ఏం కనబడలే."

పేరయ్య చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. కోపం రాని మనిషికి కష్టం కలిగితే ఎలా ఉంటుందో ఆ ముఖం అలా ఉంది. పెళ్లి ఇంకా కాలేదు. శుభలేఖలు అచ్చు కూడా కాలేదు. జశ్వంత్ గుండె జారి ఏ చర్చిలో పడిందో తెలియదు.

"నాన్నా!" రజిని లేచింది. "నువ్వు కూసో. ఆంటీ, మీరు కూడా ఏమనుకోకండి. మేమిద్దరం ఒకటి అనుకున్నం. ఇయ్యాల్నే చెప్దామనుకున్నం. మేం వియన్నా పోతలేము."

"మరి ప్రాగ్?" అంది అరుంధతి.

"ప్రాగూ పోతలేము. స్లొవేనియాల బ్లెడ్ అని ఒక చెరువున్నది. నడుమ చిన్న దీవి. ఒడ్డు మీద ఒక రూము తీసుకుంటం. వెళ్లిన కాడికెంచి వచ్చేదాంక గాడ్నే ఉంటం."

"ఉండి?" అన్నారు పరశురాం గారు.

"పడుకుంటం."

అందరూ తలలు దించుకున్నారు. రజిని చెవులు ఎర్రబడ్డాయి.

"అయ్యో, నిద్ర గురించి అంటున్న! నాలుగేండ్ల సంది ల్యాబుల బ్యాక్టీరియాకు టైముకు తిండి పెడుతున్న. నేను టైముకు తిన్నది లేదు, పన్నది లేదు. ఇతనికి ఆఫీసుల అమెరికా వాళ్ల టైము. మాకు గడియారం వద్దు, ఎముకలొద్దు, పూసలొద్దు. ఒక్క చెరువు చాలు."

ఇక్కడ ఒక వింత జరిగింది. అంతవరకూ ఎదురెదురుగా ఉన్న రెండు పక్షాలూ క్షణంలో ఒక్కటయ్యాయి.

"చెరువు చూసుటానికి అంత దూరమెందుకు? రామంతాపూర్‌ల లేదా చెరువు?" అన్నారు పరశురాం గారు.

"అదేగా అన్నయ్యగారూ! మా ఇంటి నుంచి నడిచెళ్లొచ్చు" అంది అరుంధతి.

"అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి నిద్రపోతామంటారేంట్రా?" అన్నాడు పేరయ్య కొడుకుతో. అని, అనుకోకుండా పరశురాం గారి వైపు చూసి తలాడించాడు. పరశురాం గారూ తలాడించారు. రసం గొడవ సగం అక్కడే సర్దుకుంది.

రజిని మాత్రం తగ్గలేదు. "నాన్నా, నిజం చెప్పాల్నా? ఆ వియన్నా నాది కాదు. నీది. చిన్నప్పటి సంది నువ్వు చెప్తుంటే విన్న. నీకంత ఇష్టమున్న ఊరికి నన్నెందుకు తోలుతున్నవ్? నువ్వే పో."

"నాకా... నాకేడిది, సెలవు దొరుకది."

"ఎండాకాలం సెలవులే కదండీ" అన్నాడు జశ్వంత్, సాయం చేస్తున్నాననుకుని.

"మే నెలల ఆడ మంచు పడ్తది."

"మేలోనా?" పేరయ్య ఆశ్చర్యపోయాడు. "మేం వెళ్లింది మేలోనే బావగారూ. పొద్దుటిపూట, రాత్రిపూట కాస్త చలి తప్ప మంచెక్కడిది? స్వెట్టర్లు ఊరికే మోసుకెళ్లాం."

"పడ్తది. ఒకసారి నన్ను వియన్నా సెమినార్‌కి పిలిచిండ్రు. రజిని అప్పుడు చంటిపిల్ల. మే నెలనే. మంచు పడి సెమినారే క్యాన్సిలైంది."

గుమ్మంలో గరిటె చప్పుడైంది. బాలలక్ష్మి దాన్ని బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని, వచ్చి పేరయ్య పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"మంచు లేదు, గించు లేదు అన్నయ్యగారూ" అంది.

"బాలా!" అన్నారు పరశురాం గారు.

"ఇన్నేండ్లు నోరు మూసుకున్న. ఇప్పుడు మీరు వాళ్లకేం కనబడలే అన్నరు. అందుకే చెప్తున్న." ఆవిడ గొంతు పెంచలేదు. "అప్పుడు మేము లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఉంటుంటిమి. డిపార్ట్‌మెంటంత బేగంపేట ఎయిర్‌పోర్టుకు పోయి దండలేసి పంపిచ్చిండ్రు. నేను పిల్లనెత్తుకొని ఇంటి కాడ్నే ఉన్న. సాయంత్రం చీకటి పడకముందే ఆటో వచ్చి ఆగింది. ఎవరా అని చూస్తే, ఈ సారే. చేతుల సూట్‌కేసు. మెడల దండ అట్లనే ఉన్నది."

"దండ కూడా తియ్యలేదా?" అంది అరుంధతి, నవ్వాలో వద్దో తెలియక.

"తియ్యలే. అద్దంల నుంచి విమానం చూసిండట. అంత ఇనుము గాలిల ఎట్ల నిలబడ్తది బాలా అని నన్నడిగిండు. తెల్లారి డిపార్ట్‌మెంట్‌కు పోయి, వియన్నాల మంచు పడ్డదన్నడు. అందరు నమ్మిండ్రు. నమ్మక ఏం జేస్తరు? వియన్నా గురించి ఆయనకంటె ఎక్కువ తెలిసినోళ్లు ఆడ ఎవరున్నరు?"

జశ్వంత్ కిటికీ వైపు తిరిగాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. రజిని నవ్వలేదు. తండ్రి వైపే చూస్తోంది. ఆ కథ ఆమెకీ కొత్తే. ఇన్నేళ్లూ వియన్నా వీధుల పేర్లు వరసగా చెప్పగలిగే తండ్రి, ఇప్పుడు చెకోస్లొవేకియా ముందు నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు.

ముందుగా కదిలింది పేరయ్య. లేచివెళ్లి వియ్యంకుడి భుజం మీద చెయ్యేశాడు.

"బావగారూ, నేను ఊళ్లో స్తంభాలెక్కిన మనిషిని. విమానం నేల వదిలేసరికి అరుంధతి చెయ్యి పట్టుకున్నాను చూడండి, దిగేదాకా వదల్లేదు. పాపం, ఆవిడ గాజులు రెండు చితికిపోయాయి."

"మూడు" అంది అరుంధతి. అని, కొంచెం ఆగి, "ఆ ఎముకల చర్చి నిజంగా అంత బాగుంటుందా అన్నయ్యగారూ?" అని అడిగింది.

పరశురాం గారు భార్యనే చూస్తున్నారు. ఇన్నేళ్లుగా ఆ మంచు కథ పెళ్లిళ్లలో చెప్పారు, రిటైర్మెంట్ సభల్లో చెప్పారు, ఒకసారి రేడియోలో కూడా చెప్పారు. ప్రతిసారీ బాలలక్ష్మి పక్కనే కూర్చుని వింది. ఒక్కసారీ కనుబొమ్మ కూడా ఎత్తలేదు.

"ఇంకొకటి చెప్పాలె" అంది బాలలక్ష్మి. "నేను పోతున్న."

"ఎక్కడికి?"

"వియన్నాకు. ప్రాగ్‌కు. ఆ వేడినీళ్ల కొలనుకు." ఆవిడ మ్యాపు వైపు చూడలేదు. "మీరు పొద్దుగాల ఛాయ్ తాగుకుంట చెప్తిరి, పండుకునే ముందు చెప్తిరి. ఆ ఊరి రోడ్లన్నీ నా వంటింట్ల నుంచే పోయినయ్. నాకు ఆఫీసు, పిల్ల, మీ అమ్మ మందులు. ఇగ రిటైరైన. ఆ రోడ్లమీద ఒక్కసారన్న నా కాళ్లతోని నడుస్త."

రజిని వెళ్లి తల్లి వెనక నిలబడింది.

"ఒక్కదానివేనా?" అన్నారు పరశురాం గారు.

"వదినగారు, అన్నయ్యగారు వస్తున్నరు."

"నేనూ వస్తున్నానా?" అన్నాడు పేరయ్య.

"వస్తున్నారు" అంది అరుంధతి. "ఈసారి లుంగీ లేకుండా. వదినా నేనూ ముందే మాట్లాడుకున్నాం. మొన్న సరిగ్గా చూడలేదన్న బెంగ నాకూ ఉందండీ. అన్నయ్యగారు అన్నది అబద్ధమేమీ కాదు."

"నాలుగు సీట్లు చెప్పిన, తార్నాకల ట్రావెల్ ఆఫీసు ముఖేష్ దగ్గర" అంది బాలలక్ష్మి. "రేపు పొద్దున వీసా ఆఫీసుల వేలిముద్రలియ్యాలె."

పరశురాం గారు లెక్కల్లో ఎప్పుడూ వెనకే. అయినా ఈ లెక్క అందింది. "ముగ్గురికి నాలుగు సీట్లెందుకు?"

"పాస్‌పోర్టు మీకున్నది గద. గడువైపోయినప్పుడల్ల పోయి రెన్యువల్ చేయించుకొని వస్తిరి. ఒక్క ముద్ర కూడ పడలే దానిమీద."

పరశురాం గారు గుమ్మం దగ్గరికి నడిచి చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికి నాన్నా? అన్నం?"

"పాన్లు తెస్త. చుట్టాలొచ్చిండ్రు గద" అని గబగబా మెట్లు దిగిపోయారు. ఇంకా ఎవరూ భోజనమే చెయ్యలేదన్న సంగతి ఆయనకి గేటు దాటాక గాని తట్టలేదు.

ఎండ మాడుస్తోంది. తార్నాక చౌరస్తా వైపు నడుస్తుంటే ఆయనలో ఇద్దరు కొట్టుకున్నారు. ఒకరు, ఆ నేలమాళిగలో నిలబడి మహారాణి మరియా థెరీసా పేటిక మీద చెక్కిన బొమ్మల్ని బాలకి దగ్గరుండి చూపిస్తున్నారు. రెండోవారు ఆటో ఎక్కి ఇంటికొచ్చేస్తున్నారు, మెడలో దండతో. రేపు పొద్దున జ్వరం వస్తే బాగుంటుంది. రాకపోతే నడుంనొప్పి ఉంది. లేదా, ఆ మాటకొస్తే, నిజం చెప్పి వదిలెయ్యొచ్చు. భయమని చెప్తే ఇంట్లో ఎవరు చంపుతారు? ఇంట్లో నలుగురికే కదా తెలిసింది. ఊరికేం తెలుసు!

మెట్రో కిందికి వచ్చి, పాన్ డబ్బా కోసం తల ఎత్తారు. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. దాని మీద తాను. మెడ దాకా తానే, మెడ కింద ఎవరిదో నీలం సూటు. వెనక ఒక రాజభవనం, నెత్తి మీద రెక్కలు చాపిన పెద్ద విమానం. 'ప్రొఫెసర్ పరశురాం గారి సారథ్యంలో మధ్య యూరప్ మహాయాత్ర' అని పసుపుపచ్చ అక్షరాలు. కింద, 'ముప్పై ఏళ్ల అనుభవం' అని ఎర్ర అక్షరాలు.

ఆయన తేరుకునేలోపే ఫ్లెక్సీ పక్క ఆఫీసులోంచి ముఖేష్ పరుగున వచ్చి కాళ్లకి దండం పెట్టాడు. ఒకప్పుడు ఆయన క్లాసులో చివరి బెంచీలో నిద్రపోయినవాడు. ఇప్పుడు ట్రావెల్ ఆఫీసు పెట్టి జనాన్ని దేశాలు తిప్పుతున్నాడు.

"సార్! మేడం మీ ఫొటో వాట్సాప్ చేసిండ్రు. నాలుగు సీట్లని అడిగిండ్రు, నేనే ఆలోచన చేసిన. నిన్న రాత్రి ఫ్లెక్సీ కట్టిన, బస్సు నిండిపోయింది సార్. సగం మీ క్యాంపసోళ్లే. మీ కొలీగ్స్, మీ పాత స్టూడెంట్లు."

"ముఖేష్, అరె, నా మాట ఇను..."

"ఒక్కటే పరేషాన్ వచ్చింది సార్. అందరు ఒకటే అడుగుతున్నరు. విమానంల సార్ పక్క సీటే కావాలె, పోయేదాంక సార్ పాఠం చెప్తుంటే ఇనుకుంట పోతం అంటున్నరు. లొల్లి పెడ్తున్నరు. ఎవరికియ్యమంటరు?"

పరశురాం గారు నోరు తెరిచారు. చెప్పదల్చుకున్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎంత సేపు పడుతుంది, ఒక్క మాట! వెనక స్కూటీ బ్రేకు కీచుమంది.

"సార్ పక్కన నేను" అంది బాలలక్ష్మి, స్కూటీ మీద నుంచి దిగకుండానే. "రాసుకో ముఖేష్. కిటికీ సీటు సార్‌కియ్యి."